అందరికీ ఒకే డబ్బా

ఇవ్వడం నాకు ఇష్టం. పండగ దగ్గర పడుతోందంటే ఎవరికి ఏం చేసి పంపాలా అని మనసు అటే పోతుంది. ఈ ఇష్టాన్ని ఎన్నో ఏళ్ళు మంచి గుణం కిందే జమ కట్టుకున్నాను. అందులో ప్రేమ ఎంత, పేరు మీద ఆశ ఎంత, నలుగురిలో తక్కువ కాకూడదన్న పట్టుదల ఎంత అని విడదీసి చూసుకునే అవసరం రాలేదు. ఆ అవసరం తెచ్చిపెట్టింది డబ్బే. బెంగళూరులో ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, ఊళ్ళో అమ్మ మందులు పోగా పండక్కి మిగిలేది ఇంత అని ముందే తెలిసిపోతుంది. ఆ ఇంతలో ఎవరికి ఎంత అని పంచడానికి కూర్చున్నప్పుడు నా లోపలి తూకం ఎటు మొగ్గుతుందో నాకే కనిపిస్తుంది. చేతినిండా డబ్బుంటే ఆ మొగ్గు కనిపించేది కాదు. అందుకే, ఇంట్లో చేసి పంచే తినుబండారాల గురించి రాద్దామని మొదలుపెడితే నా గురించే రాయాల్సి వస్తోంది.

చేసే ముందు ఒక జాబితా రాసుకుంటాను. ఎదురింటివాళ్ళు, కింది అంతస్తులో ఉండే కన్నడ పెద్దావిడ, పిల్లల టీచర్లు, మావారి ఆఫీసులో పైఅధికారి, ఇంటిపనిలో నాకు సాయం చేసే ఆమె, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు, పొద్దున్నే చెత్త తీసుకెళ్ళే పౌరకార్మికురాలు, చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు. పేర్లు రాసేంతవరకు చేయి ఎక్కడా ఆగదు. ఒక్కో పేరుకి ఎదురుగా ఏమివ్వాలో రాసేటప్పుడే అసలు సంగతి మొదలవుతుంది. పైఅధికారి పేరు పక్కన జీడిపప్పు, నేతి మిఠాయి అడగకుండానే వచ్చి కూర్చుంటాయి. సెక్యూరిటీ అన్న మాట పక్కన కారబ్బూంది అని పడుతుంది. ఎవరితో మనకు పని పడుతుందో వాళ్ళకి ఖరీదైనది, ఎవరు మనకు పని చేసిపెడతారో వాళ్ళకి చవకైనది. ఈ వరస నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి చూసి పట్టుబడిన విద్య ఇది. ఇప్పటికీ ఆ కాగితం ముందు కూర్చుంటే చేయి ముందు అటే వెళ్తుంది. అది అలా వెళ్ళడాన్ని గమనించడమే నేను చేయగలుగుతున్న మొదటి పని.

ఈ వరస నా ఒక్కదానిదే కాదు, ఊరంతటిదీ అదే. దసరా దాటిందంటే బెంగళూరు అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర దీపావళి హాంపర్లు కుప్పలు పడతాయి. లోపల గళ్ళు గళ్ళుగా బాదం, పిస్తా, చాక్లెట్లు, వాసన కొవ్వొత్తి, పైన శాటిన్ రిబ్బను. కంపెనీలు వీటిని రకాలుగా విడదీసి కొంటాయి. పెద్ద క్లయింటుకి ఒక రకం, చిన్న క్లయింటుకి ఒక రకం, ఉద్యోగులకి మరో రకం. పెట్టె చూస్తే చాలు, అందుకున్న మనిషి ఎన్నో మెట్టు మీద ఉన్నాడో చెప్పేయొచ్చు. మా ఇంటికి వచ్చిన పెట్టెల ఖరీదు మనసులోనే కట్టి, ఆ కొలతతో తిరిగి ఏమివ్వాలో ఆలోచించే అలవాటు నాలోనూ ఉంది.

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు నాకు తోచిన మొదటి ఉపాయం, ఆ హాంపర్‌నే ఇంట్లో తయారుచేయడం. ఇంట్లో చేస్తే చవక అని అందరం అంటాం. వంటింట్లో లెక్క కట్టి చూస్తే అది అన్ని వంటలకీ వర్తించదు. ఖరీదంతా ముడిసరుకులో ఉన్న వంట ఇంట్లో చేసినా ఖరీదే. ఖరీదంతా శ్రమలో ఉన్న వంట ఇంట్లో చేసుకుంటేనే చవక. బాదం బర్ఫీ, జీడిపప్పు పాకం, నెయ్యి ఓడే మైసూర్‌పాక్ మొదటి రకం. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. దాంతో నందిని నెయ్యి లీటరు 650 రూపాయల నుంచి 610కి తగ్గింది. నవంబరుకల్లా మళ్ళీ 700కి చేరింది. ఇంట్లో చేశానన్న తృప్తి తప్ప ఇలాంటివాటిలో మిగిలేది పెద్దగా ఉండదు. నువ్వుండలు, నిప్పట్లు, పప్పుల పొడి, వేరుశనగ పాకం రెండో రకం. సరుకు చవక, పని ఎక్కువ. షాపువాడు తీసుకునేది ఆ పనికి ధర. మూడో రకం కూడా ఒకటుంది. సరుకు చవకే, కానీ చేతికి తరతరాల నేర్పు కావాలి. ఆత్రేయపురం పూతరేకులు అలాంటివి. బియ్యం పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద ఒక్క లాగు లాగి రేకు తీయడం నా గ్యాస్ పొయ్యి మీద నేర్చుకునే పని కాదు. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవి కావాలంటే అక్కడివాళ్ళ దగ్గర కొని, వాళ్ళ పనితనానికి డబ్బు ఇవ్వడమే న్యాయం.

కాబట్టి నాకు మిగిలింది రెండో రకం. అక్కడే నాలో ఒక జంకు బయటపడింది. వేరుశనగ, నువ్వులు, బెల్లం, పుట్నాలు, ఎండుకొబ్బరి. ఇవి పెట్టి ఇస్తే ఏమనుకుంటారో అన్న జంకు. మాది అనంతపురం వైపు. చెనక్కాయ పంట మీద బతికిన ఊరు మాది. వానొచ్చిన ఏడు ఇంటినిండా బస్తాలు, రాని ఏడు వట్టి చేతులు. ఆ పంట తిని పెరిగి, ఆ పంట అమ్మిన డబ్బుతో చదువుకుని, దాన్ని ఒకరికి కానుకగా ఇవ్వడానికి వెనకాడుతున్నానంటే ఆ వెనకడుగు ఎక్కడినుంచి వచ్చింది? చవక అన్నమాటకి తక్కువ అన్న అర్థం నా మనసు ఎప్పుడో తగిలించుకుంది. బడ్జెట్‌లో కానుకలు చేయడం అంటే చవకదాన్ని ఖరీదైనదానిలా కనిపించేట్టు చేయడం అని కూడా అనుకుంది. బుట్ట, రిబ్బను, మెరుపు కాగితం, అడుగున గడ్డి పరిచి పదార్థాన్ని పైకి తేల్చడం, ఇవన్నీ ఆ పని కోసమే. వాటికి పెట్టే డబ్బు లెక్కేస్తే ఒక్కోసారి లోపలి తిండి కంటే ఎక్కువ తేలుతుంది.

ఆ జంకుకి జవాబు మా కింది అంతస్తు పెద్దావిడ దగ్గర దొరికింది. పాత బెంగళూరు మనుషుల్లో చాలామందిలాగే ఆవిడకీ తెలుగు వచ్చు. సంక్రాంతికి కన్నడ ఇళ్ళలో ఎళ్ళు-బెల్ల పంచుతారు. నువ్వులు, బెల్లం, వేరుశనగ, పుట్నాలు, ఎండుకొబ్బరి కలిపిన కలగలుపు అది. దాంతోపాటు ఒక చెరకు ముక్క, అరటిపండు, రేగుపళ్ళు, పంచదార పాకం చెక్క అచ్చుల్లో పోసి తీసిన బొమ్మలు. ఆడవాళ్ళు, ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని పళ్ళెం పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. నువ్వులు బెల్లం తిని మంచి మాట్లాడు అని చెప్పి ఇస్తారు. మరాఠీ ఇళ్ళలో నువ్వుండ చేతిలో పెట్టి చెప్పేదీ ఇంచుమించు అదే మాట. జనవరి వచ్చిందంటే గాంధీబజార్‌లో, మల్లేశ్వరంలో ఈ కలగలుపు పొట్లాలు కట్టి అమ్ముతారు. ఆవిడ మాత్రం ఇంట్లోనే చేస్తుంది. ఒక ఏడు పక్కన కూర్చుని సాయం చేస్తూ అడిగాను.

"ఇందులో కాస్త బాదం కూడా వేస్తే బావుంటుందేమో కదా ఆంటీ?"

"బాగానే ఉంటుందమ్మా. నేను వేస్తే రేపు పక్కింటావిడ కూడా వెయ్యాలనుకుంటుంది కదా. ఆమెకి కుదరకపోతే?"

ఆవిడ పెద్ద విషయం చెప్పానని అనుకోలేదు. బెల్లం తరుగుతూనే అంది. నాకు మాత్రం ఆ మాట చాలాకాలం పనిచేసింది. ఎళ్ళు-బెల్లలో ఎవరూ ఎవరినీ మించలేరు. అందరి పొట్లంలోనూ అవే ఐదు సరుకులు. నేను వాళ్ళింటికి తీసుకెళ్ళేదీ, వాళ్ళు మా ఇంటికి తెచ్చేదీ ఒకటే. ధర అడ్డు రాదు కాబట్టి ఇంటి గడప దాటి వెళ్ళి పలకరించడమే అసలు పనిగా మిగులుతుంది. పేదింటికి అందనిది ఏదీ అందులో లేకుండా చూసుకున్న ఆచారం అది. నా జాబితాలో పేరు పేరుకీ మారే సరుకులకి, దీనికి ఎంత దూరం!

అప్పటినుంచి బడ్జెట్ అన్న మాటకి నా ఇంట్లో లెక్క మారింది. ఒక్కో డబ్బాకి ఎంత పెట్టగలను అని కాకుండా, జాబితాలో అందరికీ ఒకే డబ్బా ఇవ్వాలంటే ఎంతలో చేయాలి అని మొదలుపెడతాను. పైఅధికారికి ఏది వెళ్తుందో గేటు దగ్గరికీ అదే. ఇలా అనుకున్న మరుక్షణం సరుకులు వాటంతట అవే తేలిపోతాయి. నెయ్యి, జీడిపప్పు పక్కకు తప్పుకుంటాయి. మా చెనక్కాయ ముందుకొస్తుంది.

డబ్బాలు పంచడం దీపావళి నుంచి సంక్రాంతికి మార్చుకోవడం కూడా కలిసొచ్చింది. దీపావళినాటికి బెంగళూరులో వానలు పూర్తిగా వదలవు. గాలిలో తేమ ఉంటే పాకం వంటలు చెమ్మగిల్లుతాయి, కరకరలాడేవి మెత్తబడతాయి. జనవరిలో గాలి పొడిగా ఉంటుంది, మిద్దె మీద ఎండ దొరుకుతుంది, కొత్త బెల్లం వస్తుంది. వేరుశనగ కోసం కార్తీకంలోనే వేట మొదలుపెట్టొచ్చు. బసవనగుడిలో దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర కార్తీకమాసం ఆఖరి సోమవారం కడలెకాయి పరిషె జరుగుతుంది. రైతులు తొలిపంట బసవడికి పెట్టి, రోడ్డుకి రెండు పక్కలా రాశులు పోసి అమ్ముతారు. ఒక ఎద్దు రోజూ చేలో పడి పంట మేసేస్తుంటే తొలిపంట నీకే పెడతామని రైతులు మొక్కుకున్నారని కథ. కర్ణాటక పల్లెలతోపాటు మన ఆంధ్రా వైపు నుంచీ, తమిళనాడు నుంచీ కాయలు వస్తాయి. ఆ రాశుల మధ్య నడుస్తుంటే మా ఊరి భాష చెవిన పడుతుంది. ఎండిన కాయ కొని ఒలిచి పెట్టుకుంటే సంక్రాంతిదాకా ఢోకా ఉండదు.

చేసే పద్ధతి చెప్తాను, ఎందుకంటే పని ఎంత ఉందో తెలిస్తేనే తర్వాత నేను చెప్పబోయేది అర్థమవుతుంది. ఎండుకొబ్బరి చిప్పల మీది గోధుమరంగు పెచ్చు పూర్తిగా చెక్కేయాలి. కొంచెం మిగిలినా కలగలుపు మకిలిగా కనిపిస్తుంది. చెక్కిన చిప్పని సన్నగా చీల్చి, మళ్ళీ అడ్డంగా చిన్న పలుకులు కోయాలి. అచ్చుబెల్లాన్ని అడకత్తెరతో పుట్నపప్పు సైజు ముక్కలు చేయాలి. ఒత్తిడి ఎక్కువైతే పొడి రాలుతుంది, తక్కువైతే పెద్ద గడ్డ విరుగుతుంది. ఆ బెల్లాన్నీ కొబ్బరినీ వేరువేరు పళ్ళాల్లో పలచగా పరిచి ఎండలో పెట్టాలి. ఇక్కడ తొందరపడితే బెల్లం తడికి అంతా ముద్ద కడుతుంది. వేరుశనగ గింజల్ని సన్నసెగ మీద వేయించి, పొట్టు ఊది, ఒక్కో గింజని బద్దలుగా చేసి మొన దగ్గరి చిన్న మొలకని రాల్చాలి. తెల్లనువ్వుల్ని చిటపటమనేంతవరకే వేయించాలి. ఇవన్నీ పూర్తిగా చల్లారాకే కలపాలి. వేరుశనగ, పుట్నాలు, కొబ్బరి, బెల్లం సమపాళ్ళు, నువ్వులు అందులో సగం. మా వీధి కొట్టు ధరల్లో కిలో కలగలుపు 200 రూపాయల లోపే తేలుతుంది. అందులో పెద్ద వాటా ఎండుకొబ్బరిదే.

దీనికి తోడు మన వైపు నుంచి రెండు కలుపుతాను. ఒకటి నువ్వుండలు. బెల్లం పాకాన్ని చల్లటి నీళ్ళలో ఒక చుక్క వేసి చూస్తే అది గట్టిపడి, కిందేస్తే టక్కుమనాలి. అప్పుడు దించి నువ్వులు కలిపి, చేతికి బియ్యప్పిండి అద్దుకుని వేడిమీదే ఉండలు చుట్టేయాలి. ఆరితే ఇక చుట్టుకోదు. రెండోది పప్పుల పొడి. పుట్నాలు, ఎండుకొబ్బరి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, తెల్లగడ్డ, ఉప్పు. రాయలసీమలో ఇది లేని ఇల్లుండదు. తీపి తినకూడని షుగరు మనుషులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, బెల్లమైనా వాళ్ళకి మేలు చేయదు. పొడి ఉంటే వాళ్ళకీ ఆ డబ్బాలో ఒక భాగం ఉంటుంది. ఈ మూడింటిలోనూ తడి లేదు, పాలు లేవు, పచ్చికొబ్బరి లేదు. అందుకే ఎండిన సీసాలో గాలి తగలకుండా పెడితే వారాలపాటు నిలుస్తాయి. అన్నీ కలిపినా డబ్బా 100 రూపాయలు దాటదు.

ఇక కట్టడం. మామూల్‌పేట, చిక్కపేట సందుల్లో, సుల్తాన్‌పేట కాగితం కొట్లలో అందమైన పెట్టెలు దొరుకుతాయి. అక్కడ తిరగడం నాకు సరదాయే. కానీ ఇప్పుడు ఇంట్లో పోగైన హార్లిక్స్, జామ్ సీసాలనే ఉడకబెట్టి, ఎండలో తడి లేకుండా ఆరబెట్టి వాడుతున్నాను. మిఠాయి పెట్టెల చుట్టూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొరని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కర్ణాటక అంతకుముందే, 2016లో, చాలా రకాల ప్లాస్టిక్‌ని నిషేధించింది. చెత్త తీసుకెళ్ళే ఆమెకి పండక్కి ఒక డబ్బా ఇచ్చి, ఆ వారమే ఆమె బండిలోకి ఇంత మెరుపు కాగితం వేయడం నాకు పొసగలేదు. సీసా మీద ఒక చీటీ అంటిస్తాను. లోపల ఏమున్నాయో, ఎప్పుడు చేశానో రాస్తాను. వేరుశనగ, నువ్వులు పడనివాళ్ళు ఉంటారు. వాళ్ళకి అది ప్రాణం మీదికి రావచ్చు. మిఠాయి దుకాణాలు విడిగా అమ్మే స్వీట్ల దగ్గర ఎప్పటిలోపు తినాలో రాసిపెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నియమం ఉంది. దుకాణానికే ఆ బాధ్యత ఉన్నప్పుడు, ప్రేమతో ఇస్తున్నాననుకునే నాకు ఇంకా ఎక్కువే ఉండాలి.

ఇంతవరకు చేతిపని. లోపలి పని ఇంతకంటే కష్టం.

డబ్బా చవకగా తేలిందని సంతోషించేటప్పుడు నేను ఒక పద్దు రాయడం లేదని తెలుస్తుంది. అది శ్రమ పద్దు. సరుకు చవక, శ్రమ ఎక్కువ అన్నానే, ఆ శ్రమ ఎవరిది? ఇంట్లో ఆడవాళ్ళ చేతిపనికి ధర కట్టడం మనకు అలవాటు లేదు. కాబట్టి ఆ వరుసలో సున్నా వేసి డబ్బా 100 రూపాయల లోపే అంటున్నాం. ఇంకా లోతుకి వెళ్తే, వేరుశనగ పొట్టు తీసేటప్పుడు, కొబ్బరి చెక్కేటప్పుడు ఇంటిపనికి వచ్చే ఆమెని కాస్త ఉండి సాయం చేసిపొమ్మని అడగడానికి నోరు ఎంత సులువుగా తెరుచుకుంటుందో చూశాను. పండగ పని కదా, కాదనదు. ఆమె కాదనలేకపోవడం మీద నిలబడిన పని అది. అలా చేసిన డబ్బానే తిరిగి ఆమె చేతిలో పెడితే, ఆమె శ్రమనే ఆమెకి కానుకగా ఇచ్చినట్టు. అందుకే ఈ పని ఇంట్లోవాళ్ళందరి మీదా పడింది. మావారు కొబ్బరి చెక్కుతారు, పిల్లలిద్దరూ గింజలు బద్దలు చేస్తారు. ఆమెని పిలిస్తే ఆ గంటలకి విడిగా కూలి ఇచ్చే పిలవాలి. అది కుదరని ఏడు డబ్బాలు తగ్గుతాయి. జాబితా చివరి పేర్లు తగ్గించాలా, మొదటి పేర్లు తగ్గించాలా అన్న ప్రశ్న మళ్ళీ వచ్చి నిలబడుతుంది. ఆ ప్రశ్న రావడమే మంచిది.

రెండోది మెప్పు. డబ్బా పంపాక ఫోన్ వైపు చూస్తాను. బావున్నాయి అని మెసేజ్ వస్తే ఆ పూట హాయిగా ఉంటుంది. రాకపోతే, తిన్నారో లేదో, పక్కన పడేశారో అని లోపల కొరుకుతూనే ఉంటుంది. ఆ కొరుకుడులో వాళ్ళ ఆకలి గురించీ, రుచి గురించీ ఆలోచన చాలా తక్కువ. నా పనితనం ఒకరు గుర్తించాలన్న దాహమే ఎక్కువ. ఈ దాహం తీరదనీ, తీరకపోయినా పర్వాలేదనీ ఇప్పుడిప్పుడే నాకు నేను చెప్పుకోగలుగుతున్నాను. నా గడప దాటిన డబ్బా ఇక వాళ్ళ ఇంటిది. తింటారా, పిల్లల ట్యూషన్ టీచరుకి ఇస్తారా, పనిమనిషికి ఇస్తారా అన్నది వాళ్ళ ఇష్టం. అలా వదిలేయలేకపోతే ఇచ్చినట్టే కాదు.

మూడోది బదులు. ఫ్రాన్స్‌లో మార్సెల్ మోస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1925లో కానుక గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. పాత సమాజాల్లో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ తప్పనిసరి అని ఆయన చూపించాడు. మన ఇళ్ళలో ఆ సంగతి గిన్నె చెప్తుంది. పక్కింటినుంచి కూర వచ్చిన గిన్నెని ఖాళీగా పంపకూడదని అవ్వ చెప్పేది. ఏమీ లేకపోతే నాలుగు పంచదార పలుకులైనా వేసి ఇచ్చేది. ఇందులో ఒక మర్యాద ఉంది, దాని మోతాదులో ఒక దయ కూడా ఉంది. నాలుగు పలుకులు ఎవరికీ భారం కాదు. 3,000 రూపాయల హాంపర్ వచ్చిన ఇంట్లో మాత్రం ఆ పంచదార చెల్లదు. పుచ్చుకున్న రోజు నుంచే అప్పు మొదలవుతుంది. నా కానుక ఎదుటివాళ్ళని అలాంటి అప్పులోకి తోస్తుందా అని ఇప్పుడు చూసుకుంటాను. తిరిగి ఇవ్వడానికి ఒక అరటిపండు సరిపోయేలా ఉంటే, ఇచ్చింది సరైన కొలతలో ఉన్నట్టు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు, మన సంప్రదాయాల్లోనే రెండు రకాలూ ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో కావిళ్ళతో సారె పంపుతారు. లడ్డూలు, కాజాలు, అరిసెలు, చలిమిడి వీధి వీధంతా చూస్తుండగా దిగుతాయి. ఎన్ని కావిళ్ళొచ్చాయి, ఎన్ని రకాలొచ్చాయి అని ఊరు లెక్కపెడుతుంది. కూతురికి అత్తింట్లో దక్కే మాట ఆ లెక్క మీద ఆధారపడుతుందని భయపడే పుట్టిళ్ళు అప్పు చేసి మరీ పంపిస్తాయి. ఆ సారె వెనక తల్లి మమకారం లేదని నేననను. మమకారానికి ఊరు వెల కట్టడం మొదలుపెట్టాక అది ఎంత బరువెక్కుతుందో చూశాను. ఇక్కడ కర్ణాటకలో గౌరీ పండక్కి చేటల జతలో బియ్యం, కందిపప్పు, బెల్లం, కొబ్బరికాయ, గాజులు, పసుపు కుంకుమ, రవికెగుడ్డ పెట్టి ముత్తయిదువలకి బాగినం ఇస్తారు. మన వాయనం లాంటిదే. ఇంటి సరుకులతో నిండిన ఎంత చక్కటి కానుక అది! అయితే దాని గీత ముత్తయిదువ దగ్గర ఆగిపోతుంది.

ఆ గీత నాకు తెలుసు. నాన్న పోయాక మా అమ్మ వాయనాలకి వెళ్ళడం మానేసింది. ఎవరూ రావద్దనలేదు, పిలవడం మానేశారు. ఏళ్ళ తరబడి ఊళ్ళో అందరికీ తన చేత్తో నువ్వుండలు చుట్టి పంచిన మనిషి పండగపూట గదిలో ఉండిపోయేది. నేను ఎవరికి ఇవ్వాలో జాబితా రాసేటప్పుడు, ఎవరి పేరు రాయడం నాకు తట్టడమే లేదు అని ఒకసారి ఆగి చూసుకోవడం అమ్మ వల్లే అలవాటైంది. పై వాటాలో ఒంటరిగా ఉండే ముసలాయన, పిల్లాణ్ణి ఒక్కతే పెంచుకుంటున్న అమ్మాయి, పక్క గల్లీ పీజీలో ఉంటూ పండక్కి ఊరెళ్ళలేకపోయిన కుర్రాళ్ళు. తినేదానికి ముత్తయిదువ, కానిది అన్న తేడా లేదు. పసుపు కుంకుమ పెట్టని డబ్బా గడప గడపకీ వెళ్ళగలదు.

యూదుల పూరీం పండగలో ఒక నియమం గురించి చదివినప్పుడు నాకు మా జాబితా గుర్తొచ్చింది. ఆ రోజు స్నేహితులకి తినుబండారాల పళ్ళెం పంపాలి, కనీసం రెండు రకాలుండాలి. దాంతోపాటు కనీసం ఇద్దరు పేదలకి విడిగా దానం చేయాలి. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ ఆ పండగ నియమాలు రాస్తూ, విందుకీ స్నేహితుల పళ్ళాలకీ ఎక్కువ పెట్టడం కంటే పేదలకిచ్చేదానికే ఎక్కువ పెట్టడం మేలన్నాడు. నాకు నచ్చింది రెండింటినీ ఆయన వేరువేరుగా చూడడం. డబ్బా ఇచ్చాను కదా అని నేను జీతం విషయంలో ఊరుకోకూడదు. ఇంటిపని చేసే ఆమెకి కావలసింది పండగ బోనసు, జీతం పెంపు, నెలకి కొన్ని సెలవులు. అవి ఆమె హక్కులాంటివి. వాటిని ఎగవేసి నువ్వుండలు చేతిలో పెడితే ఆ తీపికి అర్థం లేదు. హక్కు హక్కుగా ఇచ్చాకే కానుక కానుక అవుతుంది.

ఆమెది రాయచూరు వైపు. పోయిన సంక్రాంతికి తను చేసిన శేంగా హోళిగెలు ఒక గుడ్డలో చుట్టి తెచ్చి, "అక్కా, తిని చూడు, మా ఊళ్ళో చేసినట్టే చేశా" అంది. వేరుశనగ పొడి, బెల్లం పూర్ణంగా పెట్టి ఒత్తిన బొబ్బట్లు అవి. వేడి ఇంకా చల్లారలేదు. అందుకుంటూనే నా చూపు ఫ్రిజ్ వైపు, బీరువా వైపు పోయింది. తిరిగి ఏమిద్దాం, చీర ఇద్దామా, డబ్బిద్దామా అని. ఆ తొందరలో ఏముందో తర్వాత ఆలోచించాను. నేను ఇచ్చేదాన్ని, ఆమె పుచ్చుకునేది అన్న వరస ఒక్క పూట కూడా తిరగబడకూడదన్న తొందర అది. ఎదురింటావిడ ఇస్తే తిని బావుందని చెప్పి ఊరుకునేదాన్ని కదా. ఆమె ఇస్తే మాత్రం వెంటనే ఎందుకు చెల్లు వేయాలి?

ఆ రోజు బీరువా తెరవలేదు. ఇద్దరం వంటింట్లో కూర్చుని తిన్నాం. పూర్ణంలో వేరుశనగ ఎంతసేపు వేయించిందో అడిగాను, చెప్పింది. ఒకే డబ్బా అందరికీ ఇవ్వడం నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఎవరు ఇచ్చినా ఒకేలా పుచ్చుకోవడం ఇంకా నేర్చుకోవాలి. రెండోదే ఎక్కువ కష్టమనిపిస్తోంది. దానికి ఖర్చు అసలే లేదు. నాకు నేను ఇచ్చుకున్న పెద్దరికం ఒక్కటి వదులుకోవాలి, అంతే.